మీ రాక్ బ్యాండ్ మొదటి సింగిల్: పాట ఎంచుకోవడం నుంచి రిలీజ్ రోజు దాకా

బ్యాండ్ పెట్టారు, సొంత పాటలు ఓ ఐదారు తయారయ్యాయి, నాలుగైదు సార్లు స్టేజీ కూడా ఎక్కారు. ఒక రోజు రిహార్సల్ అయ్యాక ఎవరో ఒకరు "మన పాట ఒకటి రిలీజ్ చేద్దాంరా" అంటారు. మా బ్యాండ్‌లో ఆ మాట అన్న రోజు నుంచి పాట బయటకు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందులో రికార్డింగ్‌కి పట్టింది నాలుగే రోజులు. మిగతా కాలం ఎటు పోయిందని తర్వాత లెక్కేసుకుంటే, దాదాపు అంతా స్టూడియోలోకి వెళ్లకముందే తేల్చుకోవాల్సిన విషయాల్ని "అప్పుడు చూద్దాంలే" అని వదిలేయడం వల్ల పోయిందే. అందుకే ఇక్కడ స్టూడియో కంటే ముందు పనులకే ఎక్కువ చోటిచ్చాను. మైకుల గురించి చదువుదామని వచ్చినవాళ్లు కాస్త ఓపిక పట్టండి, అవీ వస్తాయి.

1. ఏ పాట?

గొడవలన్నీ మొదలయ్యేది ఇక్కడే. గిటారిస్ట్‌కి సోలో ఎక్కువున్న పాట కావాలి, డ్రమ్మర్‌కి తాళం మారుతూ ఉండేది కావాలి, రాసినవాడికి తను రాసిందే కావాలి. మా దగ్గర అందరికీ ఇష్టమైన పాట ఏడు నిమిషాలు ఉండేది. మా సత్తా మొత్తం అందులో ఉందని మా నమ్మకం. ఉండొచ్చు గానీ, మీ పేరు కూడా తెలియని మనిషి మొదటిసారి వినేటప్పుడు సత్తా మొత్తం అక్కర్లేదు, ఒక్క విషయం గుర్తుండిపోతే చాలు.

ఎలా తేల్చాలంటే, పాటలన్నీ రిహార్సల్‌లో ఫోన్ మీదే రికార్డు చేసి, సంగీతంతో సంబంధం లేని ఓ నలుగురికి వినిపించండి. ఎలా ఉందని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. రెండు రోజులు ఆగి, ఏది గుర్తుందో కూనిరాగం తీయమనండి. ఎక్కువమంది నోట ఏ ముక్క వస్తే ఆ పాటే మీ సింగిల్. మా ఏడు నిమిషాల పాటలోంచి ఒక్కరు కూడా ఒక్క ముక్క పాడలేకపోయారు. మేం పెద్దగా లెక్క చేయని మూడున్నర నిమిషాల పాట పల్లవిని మాత్రం ముగ్గురు పాడేశారు. ఆ రోజు బాధగానే ఉంది.

పాట దొరికాక ఇంట్రో కొలవండి. 120 బీపీఎమ్ టెంపోలో, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంలో, నాలుగు బీట్ల బార్ ఒక్కోటి సరిగ్గా రెండు సెకన్లు. పదహారు బార్ల ఇంట్రో పెడితే 32 సెకన్లు. స్పాటిఫైలో పాటని 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్కపెడతారు. అంటే మీ సింగర్ నోరు తెరవకముందే ఆ గడువు అయిపోతోంది, కొత్తవాళ్లు చాలామంది అంతవరకు ఆగరు. అలాగని ప్రతి పాటా గొంతుతోనే మొదలవ్వాలనేం లేదు, రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క, బలంగా ఉంటే నాలుగు బార్లు వాయించండి, బాగుంటుంది. పదహారు మాత్రం స్టేజీకి దాచుకోండి.

కవర్ పాటతో, అంటే వేరేవాళ్ల పాటని మనం వాయించి, మొదలుపెట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. పెద్దవాళ్లే పెట్టారు. రోలింగ్ స్టోన్స్ 1963లో చక్ బెర్రీ పాటతో, నిర్వానా 1988లో షాకింగ్ బ్లూ అనే డచ్ బ్యాండ్ పాటతో మొదటి సింగిల్ తెచ్చాయి. తప్పేం కాదు, కానీ కవర్‌కి విడిగా లైసెన్సు కావాలి, పాట రాసినందుకు వచ్చే డబ్బు వేరేవాళ్లకి పోతుంది. నన్నడిగితే సొంత పాటే.

2. వాటాలు కాగితం మీద పెట్టండి

స్నేహితుల మధ్య కాగితాలేంటని అనిపిస్తుంది. స్నేహితులు కాబట్టే కావాలి. ఒక పాటలో రెండు వేర్వేరు హక్కులుంటాయి. పాట అంటే సాహిత్యం, బాణీ, ఇవి రాసినవాళ్లవి. రికార్డింగ్ అంటే మీరు వాయించి పాడిన ఆ ఒక్క సౌండ్ ఫైల్, దీన్నే మాస్టర్ అంటారు. మాస్టర్ హక్కు ఎవరిదనేది అందరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి, ఖర్చు ఎవరు పెట్టారనేది కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుకుంటే గొడవ తప్పదు.

అందరికీ సమానమా, రాసినవాళ్లకి ఎక్కువా అన్నది మీ ఇష్టం. ఒక పేజీలో పాట పేరు, తేదీ, ఎవరికి ఎంత శాతం, అందరి సంతకాలు ఉంటే చాలు. రికార్డింగ్‌కి ముందే చేసేయండి, ఎందుకంటే స్టూడియోలో ఎవరో కొత్త కీబోర్డ్ లైన్ ఒకటి కలుపుతారు, అది పాట రాయడం కిందకి వస్తుందా, వాయించడం కిందకి వస్తుందా అని ఆ తర్వాత వాదన మొదలవుతుంది. బయటివాళ్ల దగ్గర ఏదైనా చేయించుకున్నా ఇదే పద్ధతి. ఇంటర్నెట్‌లో దొరికిన లూపులు, అంటే తిరిగి తిరిగి మోగించే రెడీమేడ్ ముక్కలు, పాటలో వాడి ఉంటే వాటి లైసెన్సు కూడా చదవండి, ఫ్రీగా దొరికిందల్లా ఫ్రీ కాదు.

బ్యాండ్ పేరు కూడా ఇప్పుడే వెతకండి. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, యూట్యూబ్, అన్నిచోట్లా. మేం వెతకలేదు. ఫలితంగా మా పాట రిలీజ్ రోజున మా పేరే ఉన్న ఇంకెవరిదో పేజీలో ప్రత్యక్షమైంది. వాళ్ల సంగీతానికీ మాదానికీ ఏ సంబంధం లేదు, పాపం వాళ్ల అభిమానులు కూడా బిత్తరపోయే ఉంటారు. దాన్ని అక్కడి నుంచి మా పేజీకి తెచ్చుకునేసరికి మొదటి వారం కాస్తా అయిపోయింది.

3. టెంపో, కీ, మాటలు

స్టేజీ మీద పాట ఎప్పుడూ పరుగెడుతుంది, ఆ వేగమే అసలైన టెంపో అనిపిస్తుంది. మూడు టెంపోల్లో, ఉదాహరణకి 132, 136, 140లో, క్లిక్, అంటే బీటుకోసారి టక్కుమనే మెట్రోనోమ్, పెట్టుకుని ఫోన్‌లో రికార్డు చేయండి. అదే రోజు వినొద్దు, మర్నాడు వినండి. వాయించేటప్పుడు నీరసంగా తోచిన 132 మర్నాటికి బరువుగా, నిలకడగా వినిపించడం నేను చాలాసార్లు చూశాను.

కీ విషయంలో సింగర్ మాటే చెల్లాలి. పల్లవిలో పై నోటు ఒక్కసారి అందితే సరిపోదు, రికార్డింగ్ రోజు పదిహేనోసారి కూడా అందాలి. అందకపోతే అర మెట్టు కిందకి శ్రుతి చేసుకోండి. అప్పుడు తీగలు కాస్త వదులవుతాయి కాబట్టి గిటార్‌కి ఒక సైజు లావు సెట్ వేసుకోవాలి.

తెలుగులో పాడేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. మనకి హ్రస్వానికీ దీర్ఘానికీ మధ్య అర్థమే మారిపోతుంది. "కలం" అని రాసుకున్న చోట మొదటి అక్షరం మీద నోటుని సాగదీస్తే వినేవాడికి అది "కాలం" అయి కూర్చుంటుంది. రాక్ పల్లవిలో నోట్లు సాగుతాయి కాబట్టి, సాగే చోటల్లా దీర్ఘం ఉన్న మాట పడేలా సాహిత్యం సర్దుకోండి. మాది ఒక లైను ఇలాగే స్టూడియోలో దొరికింది, గంటన్నర సేపు అక్కడే కూర్చుని మార్చుకున్నాం, ఆ గంటన్నరకీ డబ్బు కట్టాం.

4. క్లిక్‌తో రిహార్సల్

స్టూడియోలో మొదటిసారి క్లిక్ వినే డ్రమ్మర్ ఆ రోజు సరిగ్గా వాయించలేడు, అది అతని తప్పు కాదు. కనీసం నెల రోజుల ముందు నుంచి, వారానికి రెండుసార్లయినా, అదే టెంపోలో అలవాటు చేసుకోవాలి. క్లిక్ లేకుండా రికార్డు చేయడం కూడా తప్పేం కాదు, ఊపు బాగుంటుంది. కాకపోతే తర్వాత ఒక టేక్‌లోంచి, అంటే ఒకసారి వాయించిన రికార్డింగ్‌లోంచి, ముక్క తీసి ఇంకో టేక్‌లో అతికించడం నరకం.

డ్రమ్స్ దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే మిగతావన్నీ వాటి మీదే నిలబడతాయి. బీటిల్స్ మొదటి సింగిల్ లవ్ మీ డూ కథ తెలుసుగా, 1962లో ఆ ఒక్క పాటని మూడు సెషన్లలో ముగ్గురు డ్రమ్మర్లతో రికార్డు చేశారు. జూన్‌లో పీట్ బెస్ట్, సెప్టెంబర్ 4న రింగో స్టార్, వారం తిరిగేసరికి ఆండీ వైట్ అనే సెషన్ డ్రమ్మర్. ఆ మూడో రోజు రింగో చేతికి టాంబరిన్ ఇచ్చారు. అక్టోబర్ 5న వచ్చిన మొదటి సింగిల్ మీద ఉన్నది చివరికి రింగో వాయించిందే. అంతా అయ్యాక అది బ్రిటిష్ చార్టులో ఎక్కిన స్థానం 17. మీ డ్రమ్మర్ మీద కోపం వచ్చినప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

రిహార్సల్‌లో ఇంకో పని, ఒక్కొక్కరు ఒంటరిగా, మిగతావాళ్లు లేకుండా తమ భాగం మొదటి నుంచి చివరి దాకా వాయించి చూపాలి. బేసిస్ట్ రెండో చరణంలో ఏం వాయిస్తున్నాడో మాకు ఏడాది తర్వాత ఇలాగే తెలిసింది. తప్పు నోటు. అంత గోలలో ఎవరికీ వినపడలేదు.

5. స్టూడియోకి ముందు రోజు

గిటార్ తీగలు ముందు రోజే మార్చి, సాగదీసి, మళ్లీ మళ్లీ శ్రుతి చేయండి. కొత్త తీగలు స్టూడియోలోనే వేస్తే ప్రతి టేక్‌కీ జారిపోతాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర నోటు, ఖాళీ తీగ నోటు ట్యూనర్‌లో సరిపోతున్నాయో లేదో చూసుకోండి, తేడా ఉంటే ఇంటొనేషన్ సరిచేయించాలి. డ్రమ్స్‌కి పై స్కిన్‌లు పాతబడి ఉంటే మార్చి, శ్రుతి చేసుకోండి. బాస్ డ్రమ్ పెడల్ కీచుమంటుంటే నూనె చుక్క వేయండి, ఆ కీచు మైకులో పడితే తీయడం కష్టం. పాట మాటలు పెద్ద అక్షరాలతో మూడు కాపీలు ప్రింట్ తీసుకోండి. స్పేర్ తీగలు, పిక్‌లు, కర్రలు, కేబుళ్లు.

6. రికార్డింగ్

మామూలు వరస ఏంటంటే, అందరూ కలిసి ఒకసారి వాయిస్తారు, అందులో డ్రమ్స్ మాత్రమే నిజంగా ఉంచుకునేవి, మిగతావి దారి చూపడానికి. తర్వాత బేస్, గిటార్లు, చివరికి గొంతు.

డ్రమ్స్‌కి పది మైకులు ఉండాల్సిన అవసరం లేదు. గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ పేరుతో ఒక పద్ధతి ఉంది, పైన రెండు మైకులు, కాలితో కొట్టే బాస్ డ్రమ్‌కి ఒకటి, డ్రమ్మర్ ముందుండే స్నేర్ డ్రమ్‌కి ఒకటి, అంతే. కిటుకంతా కొలతలో ఉంది. ఒక మైకు స్నేర్‌కి నెత్తిన, రెండోది ఫ్లోర్ టామ్, అంటే నేల మీద నిలబడే పెద్ద డ్రమ్, పక్క నుంచి స్నేర్ వైపు చూస్తూ ఉంటుంది. ఒక దారం తీసుకుని ఒక కొస స్నేర్ నడిమధ్యన వేలితో నొక్కి పట్టి, రెండో కొసని మొదటి మైకు దాకా లాగి అక్కడ ముడి వేయండి. అదే దారాన్ని రెండో మైకు వైపు తిప్పితే ముడి సరిగ్గా దాని మూతి దగ్గరకి రావాలి. వస్తే స్నేర్ శబ్దం రెండు మైకులకీ ఒకేసారి చేరుతుంది, రాకపోతే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని స్నేర్ పల్చగా, రేకు డబ్బాలా వినిపిస్తుంది. బాస్ డ్రమ్ మైకు పోలారిటీ (సిగ్నల్‌ని తలకిందులు చేసే) బటన్ ఒకసారి తిప్పి చూడండి, ఎటు ఉంటే లోతు శబ్దం బలంగా ఉందో అటు వదిలేయండి.

లెవెల్స్ విషయంలో ఎర్ర లైటు దాకా తీసుకెళ్లే అలవాటు మానండి. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు గట్టి దెబ్బలు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగినా ఏమీ నష్టం లేదు. క్లిప్ అయితే, అంటే హద్దు దాటి శబ్దం చిట్లితే, మాత్రం ఆ టేక్ పోయినట్టే.

బేస్‌ని యాంప్‌కి మైకు పెట్టి ఒకటి, డీఐ బాక్సు (వాద్యాన్ని మైకు లేకుండా రికార్డరుకి కలిపే పెట్టె) ద్వారా నేరుగా ఒకటి, రెండూ తీసుకోండి. గిటార్‌కీ నేరుగా ఒక ట్రాక్ ఉంచుకుంటే తర్వాత యాంప్ సౌండ్ నచ్చకపోయినా మళ్లీ వాయించక్కర్లేదు.

గిటారిస్టులు వినడానికి ఇష్టపడని సంగతి: డిస్టార్షన్, అంటే గిటార్ శబ్దానికి ఇచ్చే ఆ గరుకుదనం, తగ్గించండి. స్టేజీ మీద నాబ్ ఏడు మీద ఉంటే ఇక్కడ నాలుగు చాలు. రెండు గిటార్లు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు అది దానంతట అదే దట్టమవుతుంది, ఏడు మీద ఉంచితే కార్డ్‌లు, అంటే కలిసి మోగే స్వరాలు, మారడమే వినపడదు, జోరీగ మోతలా ఉంటుంది. కుడి వైపుకి ఒకటి, ఎడమ వైపుకి ఒకటి విడివిడిగా రెండుసార్లు వాయించాలి. ఒకే టేక్‌ని కాపీ కొట్టి రెండో వైపు పెడితే వెడల్పు రాదు, మధ్యలోనే ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది, అంతే. ఆ రెండు టేకుల మధ్య వచ్చే సూక్ష్మమైన తేడానే మనం వెడల్పుగా వింటాం. ప్రతి టేక్ తర్వాతా శ్రుతి చూసుకోండి, విసుగొచ్చినా సరే.

గొంతుకి మైకు నుంచి జానెడు దూరం, మధ్యలో ఊపిరి దెబ్బల్ని ఆపే తెర, పాప్ ఫిల్టర్. గది మోగుతుంటే దుప్పట్లు మొదట కట్టాల్సింది మైకు వెనకాల కాదు, సింగర్ వెనకాల. కార్డియాయిడ్ మైకు తన ఎదురుగా ఉన్నదాన్ని ఎక్కువ వింటుంది, సింగర్ వెనక గోడ దానికి ఎదురుగానే ఉంటుంది. ఐదారు పూర్తి టేకులు పాడించి, సింగర్‌ని బయటకు పంపి టీ తాగమని, మీరు ప్రింట్ తీసిన కాగితం మీద పెన్సిల్‌తో ప్రతి లైను పక్కన ఏ టేక్ బాగుందో నంబరు వేసుకోండి. మా కాగితంలో పల్లవి మొత్తం రెండో టేక్, చివరి లైను మాత్రం ఐదోది, అందులో గొంతు కాస్త జీరపోయింది. శుభ్రంగా ఉన్న టేక్ కూడా ఉంది, కానీ జీర ఉన్నదే ఉంచాం. శ్రుతి తప్పితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, పాడేవాడికి ఆ మాట మీద నమ్మకం లేకపోతే మాత్రం ఏదీ సరిచేయలేదు.

ఇంటికి బయల్దేరే ముందు సెషన్ ఫోల్డర్ మొత్తం రెండు వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ చేసుకోండి. స్టూడియోవాళ్ల దగ్గర ఉంటుందిలే అనుకోవద్దు.

7. మిక్సింగ్

ఇల్లు అలకగానే పండగ కాదు. విడివిడి ట్రాకుల్ని సమతూకంగా కలిపి ఒక పాట చేయడమే మిక్సింగ్. మీరే మిక్స్ చేయొచ్చు, కానీ మొదటి సింగిల్‌కి బయటి చెవి ఉంటే మంచిది. మీకు ఆ పాట కంఠతా వచ్చేసింది, గొంతు వినపడకపోయినా మీ బుర్ర ఆ మాటల్ని పూరించేసుకుంటుంది. "రాక్ కదా, గొంతు కాస్త లోపలే ఉండాలి" అని మా గిటారిస్ట్ వాదన. కొత్తగా వినేవాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇంజనీర్‌కి ఫైళ్లన్నీ ఒకే చోట నుంచి, అంటే పాట సున్నా సెకను నుంచి మొదలయ్యేలా, పేర్లు సరిగ్గా పెట్టి పంపండి. మీకు నచ్చిన సౌండ్ ఉన్న పాటలు రెండు చాలు, పది పంపితే అయోమయం. ఎన్నిసార్లు మార్పులు చేసిపెడతారో ముందే అడగండి. మార్పులు ఒక్కొక్కరూ ఒక్కో మెసేజ్‌గా పంపొద్దు. అందరూ విని, ఒక్కరు రాసి, నిమిషం సెకను వేసి పంపాలి: "1:42 దగ్గర బేస్ తగ్గించాలి" అని. "ఇంకాస్త ఎనర్జీ కావాలి" అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు.

వచ్చిన మిక్స్‌ని ఫోన్ స్పీకర్‌లో, ఇయర్‌ఫోన్స్‌లో, కారులో వినండి. ఫోన్‌లో బేస్ లైన్ పూర్తిగా మాయమైతే దానికి కాస్త పై ఫ్రీక్వెన్సీల్లో కరకు ఇవ్వమని అడగండి. రెండు చానెళ్లనీ ఒకటి చేసి మోనోలో కూడా వినాలి, అక్కడ గిటార్లు మాయమైతే ఫేజ్ సమస్య, అంటే రెండు వైపుల శబ్దాలూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకోవడం, ఉన్నట్టు. చాలా తక్కువ సౌండ్‌లో పెట్టినా గొంతూ స్నేరూ వినపడుతున్నాయంటే మిక్స్ దారిలోనే ఉంది.

ఇన్‌స్ట్రుమెంటల్ వెర్షన్ కూడా ఇప్పుడే అడిగి తీసుకోండి. ఆర్నెల్ల తర్వాత వీడియోకి కావాల్సొచ్చి అడిగితే ఆ సెషన్ తెరుచుకోదు.

8. మాస్టరింగ్

చిన్న అధ్యాయమే. మిక్స్ అయిన పాటకి రిలీజ్ ముందు చేసే చివరి మెరుగే మాస్టరింగ్. మిక్స్ చేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు చేస్తే మేలు. ఇరవై నాలుగు బిట్ వేవ్ ఫైల్, పీక్స్ (అత్యంత గట్టి చోట్లు) మైనస్ 3 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య, మాస్టర్ చానెల్ మీద లిమిటర్, అంటే గట్టిదనాన్ని హద్దులో నొక్కి ఉంచే సాధనం, తీసేసి పంపండి. ఇక గట్టిదనం సంగతి: స్పాటిఫై పాటల్ని సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి తోచే గట్టిదనానికి కొలత) దగ్గరకి సర్దుతుంది, అంతకంటే గట్టిగా ఉన్నదాన్ని తగ్గించేస్తుంది. కాబట్టి పక్క బ్యాండ్ కంటే గట్టిగా వినిపించాలని పాటని ఇటుకలా నొక్కేస్తే మిగిలేది నొక్కుడే, గట్టిదనం కాదు. అలాగని మైనస్ 14 మీదే నిలబెట్టాలన్న పట్టుదలా వద్దు, రాక్‌కి కొంత నొక్కుడు అందం. ట్రూ పీక్, అంటే శబ్దం నిజంగా చేరే గరిష్ఠ స్థాయి, మాత్రం మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకండి.

9. కవర్, వివరాలు, అప్‌లోడ్

కవర్ బొమ్మ చతురస్రం, 3000 పిక్సెళ్లు బై 3000, జేపెగ్, ఆర్‌జీబీలో. దాని మీద వెబ్‌సైట్ అడ్రసులు, సోషల్ మీడియా లోగోలు, రిలీజ్ తేదీ వేస్తే తిప్పి పంపేస్తారు. ఫోన్‌లో గోటి సైజులో కనిపించినప్పుడు ఏముందో తెలియాలి, మా మొదటి డిజైన్‌లో నలుగురి ముఖాలూ నాలుగు మచ్చల్లా ఉండేవి.

పాటని అన్ని యాప్‌లకీ చేర్చేది డిస్ట్రిబ్యూటర్. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ లాంటివాళ్లు. ఏటా ఫీజు తీసుకునే పద్ధతి ఒకటి, పాటకి ఒకసారి తీసుకునేది ఒకటి, వచ్చిన దాంట్లో వాటా తీసుకునేది ఒకటి. ఏటా కట్టే దాంట్లో, కట్టడం ఆపేస్తే పాట ఏమవుతుందో నిబంధనల్లో తప్పకుండా చదవండి. అప్‌లోడ్ చేశాక మీ రికార్డింగ్‌కి ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ వస్తుంది. దాన్ని రాసి దాచుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే కోడ్, అదే ఫైల్ ఇస్తేనే పాత ప్లేల లెక్క మీతో పాటు వస్తుంది. రీమిక్స్‌కో లైవ్ వెర్షన్‌కో మాత్రం కొత్త కోడ్ కావాలి.

పాట పేరు, బ్యాండ్ పేరు స్పెల్లింగ్ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. తెలుగు పాట పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తుంటే ముందు ఆ స్పెల్లింగ్ మీద ఒక నిర్ణయానికి రండి, "వ"ని ఎలా రాయాలన్న దాని మీద మేం ఒక సాయంత్రం మొత్తం కొట్టుకున్నాం. రాసినవాళ్ల అసలు పేర్లు ఇవ్వండి, ముద్దుపేర్లు కాదు.

10. తేదీ

మాస్టర్ ఫైల్ చేతికి రాకుండా తేదీ ప్రకటించకండి. మేం ప్రకటించి రెండుసార్లు వాయిదా వేసుకున్నాం, రెండోసారి పోస్ట్ కింద మా కజిన్ ఒక్కడే కామెంట్ పెట్టాడు, అదీ నవ్వుతూ.

2015 జూలై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకి శుక్రవారమే రిలీజ్ రోజు. ఆ రోజు రావాలనేం లేదు, పెద్దవాళ్లందరి మధ్యలో పడిపోకుండా వేరే రోజు వేసుకునే చిన్న బ్యాండ్లూ ఉన్నాయి. ఏ రోజైనా, నాలుగు వారాల ముందే అప్‌లోడ్ చేసేయండి. ఏదైనా తిప్పి పంపితే సరిచేయడానికి ఒక వారం, ఆర్టిస్ట్ పేజీలు మీ చేతికి రావడానికి ఒక వారం పోతుంది. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో రాబోయే పాటని ప్లేలిస్టుల ఎడిటర్లకి పంపుకునే వీలుంది, రిలీజ్‌కి కనీసం ఏడు రోజుల ముందు పంపితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్‌లో, అంటే కొత్త పాటల ప్లేలిస్టులో, కూడా పాట వస్తుంది. పాట బయటకు వచ్చేశాక ఆ దారి మూసుకుపోతుంది.

"ఇన్ని వేల స్ట్రీములు గ్యారంటీ" అని మెసేజ్‌లు మొదలవుతాయి. బ్లాక్ చేయండి. అవి బాట్లు, అంటే మనుషుల్లా వింటున్నట్టు నటించే ప్రోగ్రాములు, దొరికితే మీ పాటే తీసేస్తారు.

11. రిలీజ్ రోజు

పొద్దున్నే లేచి మొదట చూడాల్సింది లైకులు కాదు, పాట మీ పేజీలోనే ఉందా, పేరు సరిగ్గా ఉందా, చివరి రెండు సెకన్లు కోసుకుపోలేదు కదా అని మొత్తం వినండి. యాప్‌కి ఒకరు చొప్పున పంచుకుంటే పది నిమిషాల పని. తర్వాత లింకుని గుంపులకి ఫార్వర్డ్ చేయడం కంటే, మొదట్లో కూనిరాగం తీసిన ఆ నలుగురికీ పేరు పెట్టి విడిగా పంపండి, వాళ్లే ఇంకొకరికి పంపుతారు.

ఆ వారంలోనే చేయాల్సిన ఇంకో పని ఉంది, అందరూ మర్చిపోయేది. మీ దేశంలో పాటల రచయితల తరఫున రాయల్టీలు వసూలు చేసే సంస్థలో పాటని నమోదు చేయండి. రెండో అధ్యాయంలో సంతకాలు పెట్టిన ఆ కాగితం ఇక్కడ అవసరం పడుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది మామూలుగా రికార్డింగ్ డబ్బు మాత్రమే, పాట రాసినందుకు వచ్చేది ఈ దారిన రావాలి. మేం నమోదు చేసింది రిలీజ్ అయిన ఎనిమిది నెలలకి, అదీ డ్రమ్మర్ ఇంట్లో ఆ కాగితం అనుకోకుండా బయటపడితే.